వంక దొరకని బండి

మామయ్యకు ఈ భూమ్మీద నచ్చిన వస్తువంటూ ఒక్కటీ లేదు. పోనీ మనుషులైనా నచ్చేవారా అంటే, వాళ్లనూ ఆయన వస్తువుల కిందే జమకట్టేవాడు. ఏది చూపించినా ముందు మెడ ఒక పక్కకు వాల్చేవాడు, తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టేవాడు, ఆ తర్వాత తీర్పు చెప్పేవాడు: "దీన్నొక కాఫీ అంటారా?" "దీన్నొక కుర్చీ అంటారా?" "దీన్నొక వాన అంటారా?" చుట్టాలంతా ఆయన్ని 'అంటారా మామయ్య' అనేవారు. ఆ సంగతి చెవిన పడ్డ రోజున ఆయన మెడ వాల్చి, "దీన్నొక ఎకసెక్కం అంటారా?" అన్నాడు.

తప్పులు పట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రేవు గట్టున కూర్చుని వచ్చే ఓడనీ పోయే ఓడనీ తిట్టేవాళ్లు, గ్రంథాలయంలో ప్రతి పుస్తకం అంచునా 'అబద్ధం' అని పెన్సిలుతో రాసి పోయేవాళ్లు. కొందరిది కడుపుమంట, కొందరిది తీరిక. మామయ్యది మాత్రం వృత్తిధర్మం. ఆయన దర్జీ. ఇంకో దర్జీ కుట్టినదాన్ని చూసి పెదవి విరవడం ఆ పనిలో మొదటి పాఠం. చాలామంది ఆ తర్వాత కుట్టడం కూడా నేర్చుకుంటారు. మామయ్య కుట్టడం నేర్చుకున్నాడు గానీ మొదటి పాఠాన్ని వదల్లేదు.

ఒకసారి గ్రహణం పట్టింది. వీధి వీధంతా మేడల మీదికెక్కి నోళ్లు తెరుచుకుని చూస్తోంది. మామయ్య నల్లద్దం పెట్టుకుని చూసి, దించి, "దీన్నొక గ్రహణం అంటారా? సగం కూడా మింగలేదు" అని కిందికి దిగిపోయాడు, సూర్యుడు తన దుకాణంలో కొలతలు తప్పినట్టు.

ఇంట్లో ఏ వస్తువుకూ ఆయుర్దాయం ఉండేది కాదు. అత్తయ్య ముచ్చటపడి మూత తిప్పే గాజుసీసాలు తెచ్చుకుంది. "దీన్నొక మూత అంటారా? చెంచాడు పంచదార కోసం మనిషి కుస్తీ పట్టాలా?" అని అన్నిట్నీ పక్కింటివాళ్లకు ఇచ్చేసి, మూత ఇట్టే పైకి వచ్చే రేకు డబ్బాలు పట్టుకొచ్చాడు.

"సీసాలతో కూడా పడని మనిషితో ఎలా వేగనే?" అని అత్తయ్య మేనకోడలితో మొరపెట్టుకునేది.

తర్వాత లేసుల బూట్లకు మూడింది. "పొద్దున్నే లేచి కాళ్లకి ఉరేసుకుంటారటే ఎవరైనా?" ఆ పైన గుండీల వంతు. దర్జీ అయ్యుండి గుండీల మీద పగబట్టినవాడు లోకంలో ఆయనొక్కడే అయ్యుండాలి. ఆడపిల్లల గౌన్లన్నిటికీ ఎలాస్టిక్కే వేసేవాడు. "మా పాపకి గుండీలు కావాలండీ" అని ఎవరైనా అడిగితే, "అయితే గౌనెందుకమ్మా, తలుపు గొళ్లెం పెట్టించు" అనేవాడు. వాళ్లు గుండీలు కుట్టే దుకాణం వెతుక్కుంటూ పోయేవారు.

ఆ మేనకోడలు ఆయన దగ్గరే పెరిగింది. తల్లిది ఊరూరా తిరిగే ఉద్యోగం. ఇప్పుడు పిల్ల రేడియోలో వార్తలు చదువుతుంది. ఊరంతా ఆమె గొంతుతోనే నిద్ర లేస్తుంది. మామయ్య ఒక్కడే, "దీన్నొక వార్త అంటారా?" అంటూ చివరిదాకా విని మరీ రేడియో కట్టేస్తాడు.

ఆ పిల్ల పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీన్నొక భుజం అంటారా? ఎడమది అర అంగుళం దిగింది" అని నలుగురిలో ప్రకటించాడు. పాపం, ఆ అబ్బాయి అప్పట్నుంచీ మామయ్య అలికిడి వినబడితే చాలు, ఎడమ భుజం పైకెత్తి పెడతాడు. ఆయన వెళ్లాక దించుతాడు. "మీ మామయ్య వచ్చివెళ్లినప్పుడల్లా నాకు మెడ పట్టేస్తోంది" అని భార్యతో గొణుక్కుంటాడు.

ఇలాంటి మనిషిని పసిబిడ్డకు బండి కొనడానికి వెంట తీసుకువెళ్లాలని ఎవరూ అనుకోరు. ఆయనే తయారై వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

మేనకోడలికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. బండి నేను కొనిపెడతానని ఆమె పెద్దాడపడుచు మాట ఇచ్చింది. ఆవిడ పళ్ల డాక్టరు. మంచిదే గానీ, రోజంతా ఎదుటివాళ్ల నోట్లో పరికరాలు పెట్టి మాట్లాడ్డం అలవాటై, జవాబు వినే ఓపిక తగ్గింది.

మేనకోడలి మనసులో మాత్రం ఒక్కటే ఉంది. చిన్నప్పటి జ్వరంలో ఆమె ఎడమ చేతికి పట్టు పోయింది. చెయ్యి ఉంది, వేళ్లున్నాయి. ఏదైనా ఆనించుకోవడానికి పనికొస్తాయి, పట్టుకోవడానికి రావు. ఆమె తన పనులన్నీ ఎంత తేలిగ్గా చేసుకునేదంటే, ఇంటిల్లిపాదీ ఆ సంగతి మరిచిపోయారు. ఆమే మరిచిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చింది. బిడ్డను బండిలో వేసుకుని, ఎవర్నీ సాయం అడక్కుండా, తనొక్కతే వీధి చివరిదాకా వెళ్లిరాగలదా? ఊరందరికీ అన్నీ చదివి వినిపించే మనిషికి ఈ ఒక్క మాట మొగుడితో కూడా అనడానికి నోరు పెగల్లేదు.

పిల్లల సామాన్ల దుకాణమంటే బిడ్డకంటే ముందు తల్లిదండ్రులకు భయం పుట్టించే చోటు. పూర్వం రాజులు దండయాత్రకు కూడా ఇన్ని సరంజామాలతో బయలుదేరి ఉండరు. గొడుగున్న బండి, గొడుగు మీద గొడుగున్న బండి, ఎగుడుదిగుడు నేలకొక చక్రం, నున్నటి నేలకొక చక్రం. మూరెడు కూడా లేని ప్రాణి కోసం ఇంత యుద్ధసన్నాహం. లోపలికి వెళ్లినవాళ్లంతా కాసేపటికి తమ బిడ్డ నడిసముద్రంలో పుట్టబోతున్నట్టు మొహాలు పెడతారు.

మేనేజరు మెడలో టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు. "రండి రండి! మా దగ్గర ఉన్నది బండి కాదండీ, అనుభవం!"

"అనుభవం మాకుందిలే, బండి చూపించు" అన్నాడు మామయ్య.

పళ్ల డాక్టరు గది మధ్యలో అరుగు మీద వెలిగిపోతున్న బండి దగ్గర ఆగిపోయింది. పాలమీగడ రంగు, బంగారు అంచు, లోపల మెత్తటి పట్టు. "ఇదే! ఇదే మన పాపకి!"

"పాపో బాబో ఇంకా తెలీదక్కా" అన్నాడు తమ్ముడు, ఎడమ భుజం ఎత్తిపెట్టి.

"ఎవరైతేనేం, కూర్చునేది ఇందులోనే. ఏమ్మా, నువ్వే తోసి చూడు!"

మేనేజరు కుచ్చిళ్లు సర్దినట్టు బండిని తిప్పి నిలబెట్టాడు. "దీని గొప్పతనం భద్రతండీ. ఈ రెండు పిడులూ ఒకేసారి నొక్కి పట్టుకుంటేనే చక్రాలు కదుల్తాయి. ఒక్క చెయ్యి వదిలినా అక్కడికక్కడే బ్రేకు!"

మేనకోడలు కుడి చేతితో ఒక పిడి నొక్కింది. ఎడమ చేతిని రెండో పిడి మీద ఆనించింది. బండి కదల్లేదు. ఇంకాస్త వంగి మణికట్టుతో అదిమింది. బండి కదల్లేదు.

"నొక్కమ్మా, మొహమాటపడకు" అంది పళ్ల డాక్టరు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. 'నా వల్ల కాదు వదినా' అనడానికి నోరు తెరవబోయింది.

"జరుగు!" అని వెనకనుంచి ఒక కేక. మామయ్య ఆమెను పక్కకు నెట్టినంత పని చేసి బండి ముందు నిలబడ్డాడు. మెడ వాలింది. కళ్లద్దాలు నుదుటికెక్కాయి.

"దీన్నొక బండి అంటారా?"

మేనకోడలికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఒక అవమానం చాలదన్నట్టు ఇప్పుడిదొకటి.

"ఏమైంది బాబాయిగారూ దీనికి?" అంది పళ్ల డాక్టరు.

"ఏమైందా? ఆ రంగేమిటమ్మా? బిడ్డ ఒక్కసారి పాలు కక్కితే బిడ్డెక్కడో బండెక్కడో తెలీదు. ఆ పట్టేమిటి? తడిస్తే ముడుచుకుపోయి పిల్లాణ్ణి పొట్లం కట్టేస్తుంది. ఇదిగో, ఈ కుట్టు చూడు!" అంటూ అంచులోకి వేలు దూర్చాడు. బంగారు దారం సర్రున మూరెడు బయటికొచ్చింది.

మేనేజరు కెవ్వుమన్నాడు. "అయ్యా! కుట్టు ఊడగొట్టేశారు!"

"ఊడగొట్టడమేంటయ్యా? ఎప్పుడెప్పుడు పోదామా అని చూస్తోంది, వెళ్లనిచ్చాను."

"బాబాయిగారూ, మరీ మంకుపట్టు పట్టకండి! నేను ముచ్చటపడి కొంటుంటే..."

"కొను తల్లీ. మీ ఆస్పత్రి గుమ్మంలో పెట్టుకో. పన్ను పీకించుకున్నవాళ్లు దీన్ని చూస్తే నొప్పి మరిచిపోతారు."

పళ్ల డాక్టరు మొహం జేవురించింది. "మీకు ఏదీ నచ్చదు, ఎవరూ నచ్చరు! పిల్లకి ఒక మంచి వస్తువు రావడం కూడా ఇష్టం లేదు మీకు!"

"మామయ్యా, ఇక చాలు! పరువు తీస్తున్నావ్" అంది మేనకోడలు కళ్లనీళ్లతో. మామయ్య కళ్లద్దాలు కిందికి దించుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడే భోజనం ముగించుకుని వెనక తలుపులోంచి సేల్సమ్మాయి వచ్చింది. మామయ్యను చూడగానే మొహం చేటంత చేసుకుంది.

"తాతగారూ! కట్టు విప్పేశారే! చెయ్యి నయమైపోయిందా?"

"ఎవరమ్మా నువ్వు? నేను నిన్నెప్పుడూ చూళ్లేదు" అన్నాడు మామయ్య, గోడతో.

"అదేంటండీ! పోయిన వారమంతా ఎడం చెయ్యి మెడకి కట్టుకుని రోజూ వచ్చేవారుగా! బట్టల తానులు బండిలో పెట్టుకుని, బయట ఏటవాలు మీద ఎక్కుతూ దిగుతూ... ఒక్కో బండినీ అరగంట తిట్టేవారు కదండీ! మేమంతా ఏమనుకున్నామంటే," ఆ పిల్ల మిగతావాళ్ల వైపు తిరిగి జాలిగా గొంతు తగ్గించింది, "పాపం, ఈ వయసులో, విరిగిన చేత్తో, ఎవరి బిడ్డనో ఒక్కరే పెంచుకోబోతున్నారేమో అని. మా మేనేజరుగారు సెలవులో ఉన్నారప్పుడు. ఆ మూల ఉన్న గోధుమరంగు బండి తప్ప అన్నీ తిట్టారండీ!"

తమ్ముడి ఎడమ భుజం దానంతటదే దిగిపోయింది.

మేనకోడలు ఆ మూలకు నడిచింది. మూడు చక్రాల బండి. ఇంత అందవిహీనమైనదాన్ని దుకాణంలో ఎందుకు ఉంచారో, మూలన ఉంచడానికేనేమో. పిడులు లేవు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే కడ్డీ. ఆమె కుడి చెయ్యి దాని మధ్యలో వేసి తోసింది. కదిలింది. తిప్పింది. తిరిగింది. కింద ఒక మీట కనిపిస్తే కాలితో తొక్కింది. బండి బుద్ధిమంతుడిలా ముడుచుకుని ఆమె పాదాల దగ్గర కూర్చుంది.

ఆమె దానివైపే చూస్తూ నిలబడిపోయింది. రేకు డబ్బాలు, లేసుల్లేని బూట్లు, ఎలాస్టిక్కు గౌన్లు. ఒక ఇంట్లోంచి రెండు చేతులు కావాల్సిన ప్రతి వస్తువూ తిట్లు తిని వెళ్లిపోయింది. తనకు రాని పని ఒకటుందని తెలియకుండానే ఒక పిల్ల పెరిగి పెద్దదైంది. గ్రహణాన్నీ, కాఫీనీ ఎందుకు తిట్టాడో మాత్రం ఎంత ఆలోచించినా తోచలేదు. అలవాటు తప్పకుండా ఉండేందుకు కాబోలు.

పళ్ల డాక్టరు మరదలి ఎడమ చేతివైపు చూసింది, గోడవైపు తిరిగిన మామయ్య వీపువైపు చూసింది. తెలివైన మనిషే. గొంతు సవరించుకుని, "ఇదే కట్టించండి. కొనేది మాత్రం నేనే" అంది.

"వేరే రంగు లేదూ?" అన్నాడు మామయ్య గోడకేసి చూస్తూనే. "బురదలో పుట్టి బురదలో పెరిగినట్టుంది."

"లేదండీ" అంది సేల్సమ్మాయి.

"ఊఁ" అన్నాడు మామయ్య. ఆయన నోటినుంచి ఒక వస్తువుకు దక్కిన అత్యున్నత బిరుదు అది.

మర్నాడు రేడియోలో పొద్దుటి వార్తలు చదివి, మేనకోడలు నేరుగా మామయ్య ఇంటికి వెళ్లింది. ఆయన చొక్కా విప్పి మంచం మీద బోర్లా పడుకున్నాడు. అత్తయ్య నొప్పుల మందు డబ్బా పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమోనమ్మా, వారం నుంచీ కుడి భుజం పట్టేసిందట. మూటలేమైనా మోశారా అంటే ఫ్యానుగాలి అంటారు."

"ఫ్యానే!" అన్నాడు మామయ్య దిండులోంచి.

మేనకోడలు అత్తయ్య చేతిలోంచి డబ్బా తీసుకుని పక్కన కూర్చుంది. మందు ఆయన భుజం మీద వేసి, ఎడమ చేతి వేళ్లతో మెల్లగా పామడం మొదలుపెట్టింది.

"ఏమే, రాస్తున్నావా, దుమ్ము దులుపుతున్నావా?" అన్నాడు మామయ్య. "ఆ చేతిలో బలమే లేదు."

అత్తయ్య నాలుక కరుచుకుంది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. మేనకోడలు ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా, కడుపులో బిడ్డ కదిలేదాకా నవ్వింది.

"లేదు మామయ్యా, నిజంగానే లేదు."

"లేనప్పుడు రెండోదాంతో రాయొచ్చుగా! మధ్యలో నన్ను చంపడమెందుకు?"

"ఇదే నేర్చుకుంటుందిలే, నువ్వు కదలకుండా పడుకో" అని ఆమె మరికాస్త మందు తీసింది.