స్టూడియో మేడ ముందు పేదపిల్ల

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలో, మా నంద్యాల వైపు ఫోటో దిగడమంటే సగం పెళ్లి. ఆ సంగతి సముద్రం అవతలి దొరసానులకు తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, తెలిసిన నేను చెప్పకపోవడమే తప్పు. మిషన్ హాస్టల్లో నా ఉద్యోగం ఉత్తరాలు రాయడం. ఒక్కో పేదపిల్ల చదువును ఒక్కో దొరసాని భరించేది. ఏడాదికోసారి పిల్ల ఫోటో, దాంతోపాటు నా ఇంగ్లీషు ఉత్తరం ఓడెక్కేవి. చదివినవాళ్ళు ఏడవకపోతే నాకు అన్నం సయించేది కాదు. (నా ఉత్తరాల్లో కుందూనదికి నెలనెలా వరద వచ్చేది. రుద్రవరం అడవిలో చిరుతలన్నీ మా పిల్లల గుడిసెల చుట్టే తిరిగేవి.)

ఆ రుద్రవరం నుంచే వచ్చిన ఒక పిల్లను నవ్వులపిల్ల అనేవాళ్ళం. తండ్రి లేడు, తల్లి కూలికి పోయేది. సెలవుల్లో ఫోటో తీయించడానికి నేను ఆళ్లగడ్డ స్టూడియోకు వెళ్ళేసరికి, ఆ తల్లి ఎదురింటి రెడ్డెమ్మనడిగి తెచ్చిన బంగారు గొలుసు, పట్టుపావడా కూతురికి వేసి, తలనిండా కనకాంబరాలు పెట్టి నిలబెట్టింది. వెనక తెర మీద రెండంతస్తుల మేడ, పక్కన చెయ్యి ఆనించుకోను రేడియో.

"కొంచెం దిగులుగా ఉండమ్మా" అన్నాను.

"ఫోటోకి యాడన్నా ఏడుస్తారాప్పా? నీకేమన్నా పిచ్చా?" అంది తల్లి. పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నేను ఫోటోను కవర్లో పెట్టి, గాలివానకు గుడిసె ఎగిరిపోయిందని మూడు పేజీలు జోడించి పంపేశాను.

జవాబొచ్చింది. 'ఇంత మేడ ఉన్న పిల్లకు నేనెందుకు? ఇల్లు లేనివాళ్ళకు సాయం చేస్తాను.'

వార్డెనమ్మ ఆ ఉత్తరం నా ముందు పడేసి, "పరీక్షలయినాక ఈ పిల్ల ఇంటికి పోవాల్సిందే. నీ చిరుతలేమన్నా అడ్డం పడతాయేమో చూడు" అంది.

నేను వెంటనే ఆ మేడ మీద పిడుగు వేశాను. నాలుగు పేజీలు! పిల్లను పిలిచి తెలుగులో చదివి వినిపించాను. మొదటిసారి అది నవ్వలేదు.

"ఏంది సార్ ఇది? అబద్ధాలు నువ్వు రాస్తాంటే, ఇంటికి పోయేది నేనా? చింపేయ్. నేను చెప్తా, రాయి. మేడ గుడ్డమీద బొమ్మ. గొలుసు ఎదురింటోళ్ళది, ఇచ్చేసినాం. రేడియో ఉత్త డబ్బా. నవ్వు మాత్రం నాదే. నాకు చదువుకోవాలనుంది."

"చివర్న ఒక్క చిరుత..."

"వద్దు సార్."

కవరు అతికించేదాకా నా పక్కనే నిలబడింది.

ఈసారి జవాబు చిన్నది. 'నా పెళ్ళి ఫోటోలో టోపీ మా చెల్లెలిది. పిల్లను చదివించండి.'

ఆ పిల్ల తర్వాత దొర్నిపాడులో టీచరైంది. మొన్న మా అమ్మాయి నా పాత ఫోటో ఒకటి పెట్టె అడుగు నుంచి తీసి, "ఏం కోటు నాయనా! యాడ కుట్టించినావ్?" అంది. మద్రాసులో, గవర్నరుగారి దర్జీ దగ్గర అనబోయాను. ఎవరో పక్కనే నిలబడి చూస్తున్నట్టనిపించింది.

"స్టూడియోవాళ్ళది లేమ్మా" అన్నాను.