దేవదానం అన్న తాగలేదు

నిన్న పొద్దున మా వాట్సాప్ గ్రూపులో దేవదానం అన్న బిడ్డ కరుణ మెసేజ్. "నాన్న నిద్రలోనే పోయిండు."

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. మొన్న సాయంత్రమే కదా, మేడ మీద ఇద్దరం కలిసి నిలబడ్డాం.

కాసేపటికి దాని కిందే ఎవరో అడిగారు: "తాగి పడ్డడా ఏంది?"

అది కరుణ కూడా చదివే ఉంటుంది.

అడిగినవాణ్ణి నేనేమీ అనలేను. ఆ మాట పుట్టింది నా నోట్లో.

దేవదానం అన్న ఎయిర్‌పోర్టులో విమానాల్లోకి సామాను ఎక్కించి రిటైరైన మనిషి. పోయిన ఏడాది ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, మేమందరం చాయ్ తాగే హోటల్ ముందు తూలి గోడ పట్టుకున్నాడు. చుట్టూ ఆరుగురు ఉంటే నా నాలుక ఊరుకోదు.

"ఏందన్నా, పొద్దుగాల్నే షురూ చేసినవా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

తర్వాతి ఆదివారం నుంచి చర్చికి రాలేదు. చాయ్‌కీ రాలేదు.

మూడు నెలలకు కరుణ ఫోన్ చేసింది. రోగం లోపలి చెవిలో ఉందట. అత్తాపూర్‌లో ఫిజియోథెరపీ చేయిస్తోందట. ఇంట్లో ఎక్సర్‌సైజులు చేసేటప్పుడు వెనక ఒక మనిషి ఉండాలి, తనకేమో డ్యూటీ. "కాకా, జర వస్తవా?"

ఇక్కడ చిన్న పక్కదారి. చెవి ఉన్నది వినడానికే అని అరవై ఎనిమిదేళ్ళు నమ్మాను. మనిషి నిటారుగా ఉన్నాడా, ఒరిగాడా అని మెదడుకు కబురు పంపేది కూడా అదేనట. వాచీలు రిపేరు చేసి బతికినవాణ్ణి. ఇసుక రేణువంత తేడాకి మొత్తం యంత్రం ఎట్లా తప్పుతుందో నాకు తెలియకపోవడమేమిటి?

సరే, ఫిజియో మేడమ్ చెప్పింది: తల తిరుగుతుందని కదలకుండా కూర్చుంటే మెదడు ఎన్నటికీ సర్దుకోదు. కొంచెం కొంచెంగా తిరగనివ్వాలి. ఆమె ఇచ్చిన హోంవర్క్ ఏమిటంటే, మేడ మీద పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, దిగుతున్న విమానాన్ని తల తిప్పుతూ చివరిదాకా చూడడం.

శంషాబాద్‌లో విమానాలకేం కొదవ?

నాకూ ఒక హోంవర్క్. పడబోతే తప్ప పట్టుకోకూడదు. కోడిని పట్టబోయేవాడిలా రెండు చేతులూ చాచి వెనక నిలబడేవాణ్ణి.

మొదటి రోజు సగం విమానానికే చెమటలు పట్టి కూలబడ్డాడు. "సామాన్ ఎక్కించినప్పుడు గివి గింత సతాయించలే," అన్నాడు.

వానాకాలం వెళ్ళేసరికి, హిమాయత్ సాగర్ వైపు చుక్కలా కనిపించిన విమానం ఇళ్ళ వెనక దిగిపోయేదాకా తూలకుండా చూడగలిగాడు. ఆ రోజు నా వైపు తిరగకుండానే అన్నాడు:

"హోటల్ల వాళ్ళకు నువ్వే చెప్పు, నేను తాగలేదని. నువ్వు చెప్తేనే నమ్ముతరు."

సరేనన్నాను.

చెప్పలేదు. ఒకరోజు చలి, ఒకరోజు మోకాలు. అసలు సంగతి, నా జోకు నేనే వెనక్కి తీసుకోవడానికి నామోషీ.

పోయిన వారం అడిగాడు, చెప్పినవా అని.

"చెప్పిన," అన్నాను.

ఆ ధైర్యంతో మొన్న ఆదివారం ఒక్కడే చర్చికి నడిచి వెళ్ళాడు. హోటల్ ముందు నుంచే, గోడ పట్టుకోకుండా. లోపల కూర్చున్నవాళ్ళకి చేయి కూడా ఊపాడు.

వాళ్ళకి తెలిసిందనుకున్నాడు.

ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు నవ్విన ఆరుగురూ ఈ పోస్టు చదువుతారు. దేవదానం అన్న తాగలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ. తెలియకుండా కూసింది నేను.

అప్పుడు నవ్వినంత గట్టిగా ఇది కూడా పదిమందికి చెప్పండి.

పోయిరా అన్నా. కాళ్ళ కింద నేల కదలని చోట నిమ్మళంగా ఉండు.