రెండు కుంటలకు ఒకే పేజీ

మేముండే మరమగ్గాల ఊరు భివండీ చుట్టుపక్కల మిగిలిన చెరువులు, కుంటలు, ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న మడచెట్ల వివరాలను ఒకచోట రాసిపెట్టే వెబ్‌సైటు ఒకటుంది. వాటిని కాపాడుకోవాలనుకునే వాళ్లం కొందరం కలిసి నడుపుతున్నాం. ఎవరైనా ఫోటో పెట్టవచ్చు, ఎవరైనా కొత్త పేజీ తెరవవచ్చు. ఆ పేజీలకు సరైన పేర్లు పెట్టి సర్దే పని నాది. బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి వచ్చాక, వంట మొదలుపెట్టేలోపు కూర్చునేదాన్ని.

ఆ పేర్లు చూస్తేనే నీరసం వచ్చేది. ‘గోడౌన్ వెనక నీళ్లు’ అని ఒకరు, ‘కొంగలు 2’ అని ఇంకొకరు, ‘తలావ్ కొత్త ఫోటో’ అని మరొకరు. కొన్నింటికి ఉత్త సర్వే నంబరే పేరు. ఒక్క కుంటకే నాలుగు పేజీలుండేవి. అన్నీ కలిపి ఒక పేరు కింద పెట్టాలి, పాత పేరు నొక్కినా కొత్త పేజీకే వచ్చేలా చేయాలి. ఇవాళ కొన్ని సర్దితే రేపటికి అంతకంటే ఎక్కువ పోగయ్యేవి.

కాల్హేర్ వైపు ‘పాత గోడౌన్ కుంట’ పేరుతో రెండు పేజీలు కనిపించాయి. ఒకదానిలో రాతిమెట్లు, ఇంకొకదానిలో ఏపుగా పెరిగిన తుంగ. ఒకే కుంటను రెండు ఒడ్ల నుంచి తీశారనుకున్నాను. ఆ రోజు తల పగిలిపోతోంది. వెళ్లి చూడలేదు, ఎవరినీ అడగలేదు. రెండూ కలిపేశాను.

వానలు తగ్గాక, తుంగ ఉన్నచోట లారీలు మట్టి పోస్తున్నాయని ఎవరో రాశారు. మా పనిని ముందుండి నడిపించే ఆవిడ రిటైరైన మరాఠీ టీచరు, నాతో హిందీలో మాట్లాడుతుంది. నేను కలిపిన ఆ పేజీనే జతచేసి అధికారులకు ఫిర్యాదు పంపింది. కొన్ని వారాలకు ఫోన్ చేసింది.

“వాళ్లు వచ్చి చూసి వెళ్లారట. కుంట నిండా నీళ్లున్నాయి, పూడ్చిందెక్కడ అని జవాబు రాశారు. నువ్వొకసారి వెళ్లి చూడమ్మా.”

ఆదివారం చర్చి అయ్యాక బాపును, అంటే మా నాన్నను, తోడు తీసుకుని ఆటోలో వెళ్లాను. బాపు ముప్పై ఏళ్లు మగ్గాల మీద పనిచేశాడు. ఇప్పుడు పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. పేజీలోని మ్యాపులో గుర్తు పెట్టిన చోట దిగితే మెట్లున్న కుంట కనిపించింది, నిండుగా నీళ్లతో. ఫోన్‌లో తుంగ ఫోటో చూపించాను.

“గిది గాదు బిడ్డా,” అన్నాడు. “గా కుంటకు మెట్లెక్కడియి? అది అవుతలి దిక్కున్నది. ఛుట్టీ నాడు మేం బురదల దిగి చేపలు పడుతుంటిమి. తుంగకుంట అనేటోళ్లం.”

“నాకెట్ల తెలుస్తది బాపూ?”

“నన్ను అడిగితే చెప్పకపోదునా?”

గోడౌన్ల వెనక నుంచి మెల్లగా నడిచాం. అక్కడ కుంట లేదు. చదును చేసిన ఎర్రమట్టి, అంచున అక్కడక్కడా పైకి తేలిన తుంగ కొసలు. బాపు ఒక సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు. చాలాసేపు దగ్గుతూనే ఉన్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు.

అక్కడి నుంచే ఆవిడకు ఫోన్ చేశాను. “తప్పు నాది. ఇవి రెండు కుంటలు. నేను ఒకటి చేశాను.”

“నేనూ చూడకుండానే పంపాను కదా,” అంది ఆవిడ. “ముందు పేజీలు విడదీయి. మళ్లీ రాద్దాం.”

కలపడానికి పది నిమిషాలు పట్టింది. విడదీయడానికి నాలుగు సాయంత్రాలు పట్టాయి. ఈలోపు నలుగురైదుగురు వచ్చి రెండింటి సంగతులూ ఒకే పేరాలో రాసిపెట్టారు. ఏ వాక్యం ఏ కుంటదో బాపును అడిగి తేల్చుకున్నాను. ప్రభుత్వ కాగితాల్లో దానికి పేరే లేదు కాబట్టి కొత్త పేజీకి ‘తుంగకుంట’ అనే పెట్టాను. అధికారులకు మళ్లీ రాశాం. జవాబు రాలేదు.

“కుంటే లేనప్పుడు పేజీ ఎందుకు, తీసేయండి” అని ఒకరు కింద వ్యాఖ్య పెట్టారు. తీయలేదు. ‘ఉంది’ అని ఉన్నచోటల్లా ‘ఉండేది’ అని మార్చాను, అంతే.

పని మానలేదు. మానేస్తే ఇంకెవరో నాలాగే చూడకుండా కలిపేస్తారనే భయం. ఇప్పుడు ఏ రెండింటిని కలపాలన్నా ముందు బాపుకు ఫోటోలు చూపిస్తాను. రోజుకు మూడు నాలుగు చూసేసరికి కళ్లజోడు తీసి పక్కన పెడతాడు.

“ఇయ్యాల్టికి సాలు బిడ్డా. కండ్లు గుంజుతున్నయ్.”

సరేనని పేజీ మూసేసి, బియ్యం కడగడానికి లేస్తాను.