చీకటిగదిలో మూడో కంప్యూటరు

గాంధీ రోడ్డు స్టూడియో యోగానంద పెన్సిలు పట్టి నెగటివు దిద్దితే, నున్నబడిన ఆ ముఖం మీద వాలిన ఈగ జారి కింద పడేదని తిరుపతిలో చెప్పుకునేవాళ్లు. ఈగ సంగతి ఎవరూ ప్రమాణం చేయలేదు గానీ, మశూచి మచ్చల పెండ్లికొడుకులు మదనపల్లె నుంచి వెతుక్కుంటూ వచ్చిన మాట మాత్రం నిజం. అట్లాంటి మనిషికి రెండువేల ఒకటో సంవత్సరంలో కాలు ఒకచోట నిలవకుండా పోయింది.

పలమనేరు పాలవ్యాపారి ఆదిమూలం కూతురి పెండ్లి తిరుమలలో జరిగింది. దానికి ముందు వారమే అతని తల్లి కుప్పమ్మ పశువుల కొట్టంలో పడి మంచం పట్టింది. మనవరాలి పెండ్లి చూడలేకపోయింది. పెండ్లికొడుకు అవ్వ శకుంతలమ్మ "పెండ్లికి రాని అవ్వ" అని నవ్విందట. ఆ మాట కొండ దిగి, ఊర్లు దాటి, కుప్పమ్మ మంచం దాకా వచ్చి కూర్చుంది.

"మా అమ్మ అన్నం తినడంల్యా అన్నా," అన్నాడు ఆదిమూలం స్టూడియోకొచ్చి. "పెండ్లి గుంపు ఫోటోలో తననూ కలపాలంట. అదీ శకుంతలమ్మ కంటే ఒక అడుగు ముందర. ఆదివారం వాళ్లు మా ఇంటికొస్తా ఉండారు. ఆ లోపల గోడకు ఉండాల."

"కలుపుదాం లేప్పా," అనేశాడు యోగానంద. అన్న తరువాత గుర్తొచ్చింది, అది పెన్సిలుతో అయ్యే పని కాదు, కంప్యూటరు కావాలని.

పలమనేరు పోయి, ముసలామెకు పట్టుచీర కట్టించి, ఇద్దరి ఆసరాతో వాకిట్లో ఒక్క నిమిషం నిలబెట్టి ఫోటో తీసుకొచ్చాడు. ఇక మిగిలింది కంప్యూటరు. ధనంజయ నడిపే కంప్యూటర్ల అంగడికి పోయి, ఎద్దును బేరమాడే రైతులాగా ఒక కంప్యూటరు చుట్టూ తిరిగాడు. వెనక్కి పోయి వైర్లు చూశాడు. మానిటరు నెత్తిన వేలితో కొట్టి విన్నాడు.

"ఇది ఫోటోల పనికే కట్టినా అన్నా. ర్యామ్ ఎక్కువ, పదిహేడు అంగుళాల మానిటరు," అన్నాడు ధనంజయ.

"అవన్నీ ఉండనీ అబ్బా. మనిషి రంగు మనిషి రంగుగా కనిపిస్తాదా?"

"తీసుకొనిపోయి చేసి సూడు. నచ్చకుంటే మారుస్తా."

స్టూడియోలో దుమ్ము లేని చల్లని గది ఒక్కటే, నలుపు తెలుపు ఫోటోలు కడిగే చీకటిగది. ధనంజయ ట్యూబులైటు వేసుకొని కంప్యూటరు, స్కానరు, ప్రింటరు అక్కడ బిగించి, నడిపే తీరు చూపించి పోయాడు. యోగానంద తలుపు మూసుకొని పనిలో దిగాడు. పెండ్లి గుంపులో కుప్పమ్మను నిలబెట్టాడు. అందరి ముఖాలూ పచ్చగా పాలిపోయినట్టు తోస్తే, ఎరుపు కొంచెం కొంచెంగా పెంచి సరిచేశాడు. ప్రింటు తీసి వీధి వెలుతురులోకి పట్టుకుపోయి చూశాడు. పెండ్లివాళ్లంతా మిరపకాయలు నమిలినట్టు ఎర్రగా ఉన్నారు.

మొదటి కంప్యూటరు వెనక్కి పోయింది. రెండోది వచ్చింది. మళ్లీ మిరపకాయలే. అదీ పోయింది.

"నీ కంప్యూటర్లకు కండ్లకలక వచ్చిందా ఏందబ్బా?" అని యోగానంద అంగట్లో అరిచాడు.

"పెండ్లిచూపుల్లో కూడా ఇంతమందిని కాదనరన్నా! నా అంగట్లో బాగానే ఉండాయి కదా!"

"నీ అంగట్లో నువ్వు బొమ్మలాట ఆడతావు. నేను మనుషుల్ని నిలబెట్టాల."

మూడోది తెచ్చి పెట్టుకున్నాడు గానీ మనసు నిలవలేదు. టీ తెప్పించుకొని తాగడం మరిచాడు. స్టూడియోకూ అంగడికీ మధ్య ఆ నాలుగు రోజులూ ఆయన తిరిగిన తిరుగుడుకు రోడ్డు అరిగి గుంత పడిందని, అది ఈనాటికీ పూడ్చలేదని ఆ వీధివాళ్లంటారు. పలమనేరు నుంచి ఫోను మోగితే తీయలేదు. ముప్పై ఏండ్లు జనం ముఖాలు దిద్దినవాడు, ఒక ముసలామె ముఖం దగ్గర ఓడిపోతానేమోనని భయపడ్డాడు.

శనివారం పొద్దున మళ్లీ అవే ముఖాలు దిద్దుతుండగా తలమీద టప్పుమని శబ్దమైంది. గది నల్లబడింది, కంప్యూటరు మాత్రం వెలుగుతూనే ఉంది. చూస్తుండగానే తెర మీది ముఖాలన్నీ ఎర్రబడ్డాయి.

"ఇదీ చెడింది!" అని లేచినవాడు అట్లాగే ఆగిపోయాడు. తల ఎత్తి చూశాడు. మాడిపోయింది ఎర్ర బల్బు.

చీకటిగది తలుపు మూయగానే, ఫోటో కాగితం పాడుకాకుండా ఉండే ఆ ఎర్ర బల్బు స్విచ్చి వేయడం ఆయన చేతికి ఊపిరి పీల్చడం లాంటిది. ఆ వెలుతురు ఆయనకు వెలుతురు కానే కాదు, చీకటితో సమానం. అందులో ఇన్ని రోజులూ కూర్చొని కంటికి ఎరుపు అలవాటైపోయి, ఎర్రటి మనుషుల్నే మామూలు మనుషులనుకున్నాడు. మూడు కంప్యూటర్లలో దేనికీ ఏ రోగమూ లేదు.

"ఓరి నా కండ్లా!" అనుకొని, ధనంజయకు మాత్రం "ఇది బాగుండాది, ఉంచుకుంటా" అని ఫోను చేశాడు. వెనక్కి పంపిన మొదటిదే ఇంతకంటే చురుకైనదని మాత్రం మనసు పీకుతూనే ఉంది.

సాయంత్రానికి ఫోటో తయారైంది. రంగులు అతికాయి. ఒక్కటే లోపం. కుప్పమ్మ ఎడమ పాదం దగ్గర ఎంత దిద్దినా కుదరక, శకుంతలమ్మ చీర అంచు దాని మీదికి లాగి కప్పేశాడు.

ఆదివారం పలమనేరు బస్సులో ఒళ్లో ఫ్రేము పెట్టుకొని, కాగితం సందులోంచి ఆ పాదాన్నే చూస్తూ పోయాడు. ఇంటికి చేరేటప్పటికే వియ్యాలవారు కూర్చొని ఉన్నారు. ఆదిమూలం ఫోటో గోడకు తగిలించాడు. కుప్పమ్మ మంచం మీద నుంచి మెడ సాచింది. శకుంతలమ్మ అద్దాలు పెట్టుకొని దగ్గరికి పోయింది. యోగానంద నిలబడి చొక్కా గుండీ తిప్పుతున్నాడు.

కుప్పమ్మ చూపు నేరుగా ఆ పాదం మీదనే ఆగింది.

"సూడండి అందరూ," అంది. "ఆ పొద్దు ఈమె నా కాలు తొక్కి నిలబడింది. నొప్పికి ఓర్చుకొని నవ్వినా నేను. ఇప్పుడు ఈ మంచం దానివల్లనే."

ఆదిమూలం నోరు తెరిచాడు. శకుంతలమ్మ ఫోటోను చూసింది, పాదాన్ని చూసింది, కుప్పమ్మను చూసింది. చటుక్కున నడుం మీద చెయ్యేసుకుంది.

"బాగుంది వదినా! అందర్నీ తోసుకొని నా ముందరికొచ్చింది నువ్వే కదా? తొక్కక ఏం చేస్తారు?"

"నా మనవరాలి పెండ్లి, నేను ముందరుండక యాడుంటా?"

"అయితే నీ కాలు నీ చీర కిందనే పెట్టుకోవాల!"

పోట్లాట వంటింటి దాకా వినిపించేటంత పెరిగింది గానీ, పెండ్లికి రాలేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మధ్యలో కుప్పమ్మ ఆకలేస్తా ఉండాదని అన్నం అడిగింది. యోగానంద అప్పటికి గాని కుర్చీలో కూర్చోలేదు.