పెళ్లిలో వన్స్ మోర్

విజయవాడలో బాబాయి స్టూడియో తరఫున పెళ్లి ఫొటోలు తీసేటప్పుడు "పంతులుగారూ, ఒక్క నిమిషం!" అంటూ మూడుముళ్లే ఆపించేదాన్ని. జర్మనీలోని కొలోన్‌లో చదువుకుంటూ, అదే అలవాటుతో ఒక యూదుల పెళ్లికి కెమెరా పట్టుకెళ్లాను.

తంతు చివర్లో పెళ్లికొడుకు గుడ్డలో చుట్టిన గాజుగ్లాసును ఫట్టుమని తొక్కాడు. అందరూ "మజల్ తోవ్!" అంటూ శుభాకాంక్షలు చెబుతున్నారు. ముఖాలు తీయడంలో పడి నేను గ్లాసు తొక్కే కాలిని మిస్సయ్యాను.

"వన్స్ మోర్ ప్లీజ్!" అని అరిచేశాను.

హాలంతా నా వైపు తిరిగింది.

పెళ్లి చేయించిన రబ్బీ గడ్డం నిమురుకుంటూ, "గ్లాసుదేముందమ్మా, ఇంకోటి తెస్తాం. కానీ పెళ్లి కూడా మళ్లీ చేయాలి" అన్నారు.

"పెళ్లికొడుకు ఈయనే అయితే నాకు ఓకే!" అంది పెళ్లికూతురు.

అందరూ పడీపడీ నవ్వారు. వాళ్లింటి గోడ మీద ఇప్పుడు ఆ నవ్వుల ఫొటోనే ఉంది. నాకు మాత్రం ఎక్కడ గ్లాసు పగిలినా చెయ్యి ముందు నోటి మీదికే వెళ్తుంది!