సీల్ వేటగాడి పాట కోసం అలాస్కాకి

"ఫ్రిజ్‌లో కూర్చోడానికి ఎవరైనా టికెట్ బుక్ చేస్తారా?" అన్నారు మా ఆయన, నన్ను న్యూవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో దింపుతూ. ఎనభైల మొదట్లో, మార్చి నెల. నేను న్యూజెర్సీలో నర్సుని. నాతో రెండేళ్లు పనిచేసి అలాస్కాలోని సొంత ఊరికి వెళ్లిపోయిన ఆగ్నెస్ ఫోన్ చేసింది. వాళ్లు యూపిక్ జనం. ఒకప్పుడు మిషనరీలు మాన్పించిన పాటలూ ఆటలూ వాళ్ల ఊళ్లో మళ్లీ మొదలవుతున్నాయట.

"మా అమ్మ వాళ్ల నాన్న కట్టిన పాట ఇప్పుడు ఒక్క ముసలాయనకే వచ్చు. ఆయన శుక్రవారం వస్తున్నారు. అమ్మ నేర్చుకోకపోతే అది ఆయనతోనే పోతుంది. నువ్వూ రా," అంది. పాటలంటే నేను చెవి కోసుకుంటాను. బయల్దేరాను.

పొద్దున్నే ఎక్కి, సియాటిల్‌లో విమానం మారి, రాత్రికి యాంకరేజ్ చేరాను. మోటెల్‌లో హీటర్ బాగుంది, కాఫీ బాగాలేదు. మర్నాడు బెతెల్ దాకా జెట్, అక్కణ్నుంచి నలుగురైదుగురు పట్టే చిన్న విమానం. ఎక్కేముందు సామానుతో పాటు మనల్నీ తూస్తారు, వెళ్లేవాళ్లు సిగ్గుపడకండి. పక్క సీటు పెద్దావిడ నా బూట్లు చూసి, "ఇవి షాపింగ్‌కి వేసుకునేవి కదమ్మా," అంటూ తన సంచిలోంచి ఊలు మేజోళ్లు తీసి ఇచ్చింది. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి గడ్డకట్టిన కుస్కోక్విమ్ నది మీదే దిగాం.

ఆగ్నెస్ తల్లి ఎల్సీగారికి డెబ్బై దగ్గర. ఆవిడ యూపిక్ మాటలు ఆగ్నెస్ నాకు ఇంగ్లీషులో చెప్పేది. ఎండబెట్టిన సాల్మన్ చేప, సీల్ అనే సముద్రజంతువు కొవ్వుతో తీసిన నూనె పెట్టారు. బందరు పిల్లకి ఎండుచేప కొత్తా! నూనె మాత్రం రెండో ముక్కకి గాని నోటికి ఎక్కలేదు. నేను తినే తీరు చూసి ఆవిడ ముచ్చటపడ్డారు.

"మీరూ చర్చికి వెళ్తారట. మీ దగ్గర డప్పు కొడితే పాపమా?" అని అడిగారు.

"మా చర్చిలోనే డోలక్ వాయిస్తాం, తాళాలు కొడతాం. దేవుడు ఇంతవరకూ కోప్పడలేదండి."

ఆవిడ నవ్వారు. "చిన్నప్పుడు పట్టుకున్న భయం అంత తొందరగా వదలదు. వింటాను. లేచి ఆడతానో లేదో," అన్నారు.

ఇంతలో రేడియోలో కబురు. నది దిగువన ముసలాయన ఊళ్లో పొగమంచు, ఆయన విమానం రాదు. ఎల్సీగారు ఆ రాత్రి ఆటపాటలకని వేసుకున్న పూల అంగీ విప్పి మేకుకి తగిలించారు. "పోనీలే," అన్నారు. ఆ మాట వినలేకపోయాను. ఆగ్నెస్ గిన్నెలు కడుగుతూ ఏడ్చింది.

ఆరు దాటాక నది మీద లైట్లు కనిపించాయి. విమానం లేకపోతేనేం, స్నోమొబైళ్లు లేవా అని ఆ ఊరివాళ్లు మంచు మీదుగానే వచ్చేశారు! వెనక స్లెడ్జిలో ముసలాయన. తోళ్ల మధ్య ముక్కు తప్ప ఏమీ కనబడటం లేదు. దిగుతూనే, "టీ ఏది?" అన్నారు.

ఊరంతా స్కూలు హాల్లో చేరింది. వెనక డప్పులవాళ్లు, పల్చటి తోలు బిగించిన పెద్ద డప్పుల్ని సన్నటి కర్రతో కొడతారు. ముందు మగవాళ్లు మోకాళ్ల మీద, వాళ్ల వెనక ఆడవాళ్లు నిలబడి చేతులతోనే కథంతా చెబుతారు. ముసలాయన ఆ పాట ఎత్తుకున్నారు. పడవలో వెళ్తున్న వేటగాడికి సీల్ కనబడుతుంది. ఆత్రంగా ఈటె ఎత్తబోతే గ్లవ్ నీళ్లలో పడుతుంది. గ్లవ్ కోసం వంగితే సీల్ పోతుంది.

"ఇంతేనా?" అన్నాను.

"తాత తన తెలివితక్కువతనం మీద తనే కట్టుకున్నాడు. మాకు ఇలాంటివి బోలెడు," అంది ఆగ్నెస్. జనం పడీపడీ నవ్వారు. ఎల్సీగారు కుర్చీలోంచి కదల్లేదు.

పాట ఆగగానే హాలంతా "పమ్యువా!" అని అరిచింది. మళ్లీ పాడమని అడగడమట, అడిగితే పాడాల్సిందే. రెండోసారి ఆవిడ వేళ్లు ఒళ్లో కదిలాయి. అది అయ్యాక "పమ్యువా!" అన్నది ముసలాయనే, ఆవిడ వైపు చూస్తూ.

ఎల్సీగారు లేచారు. తెడ్డు వేశారు, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టి చూశారు, గ్లవ్ కోసం వంగారు. చిన్నప్పుడు నాన్న దగ్గర చూసిన పాట, మాటలు మర్చిపోయారేమో గానీ చేతులు మర్చిపోలేదు. నాకు ఏడుపూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

మర్నాడు పదింటికి నా విమానం. వెళ్లదలచినవాళ్లు మంచి బూట్లు కొనుక్కోండి, తిరుగు టికెట్‌కి ఒకట్రెండు రోజులు వెసులుబాటు ఉంచుకోండి. అంత చలిలో అంత సంతోషం చూస్తానని నేననుకోలేదు. సాగనంపడానికి వచ్చిన ఎల్సీగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టలేదా అని అడిగించాను.

"ఎలా పడుతుంది? నాన్న పాటలు ఇంకో రెండు గుర్తొచ్చాయి. ముసలాయనకి అవి రావు. ఆయన వెళ్లేలోపు నేర్పాలి," అన్నారు.

నా విమానం కదలకముందే ఆవిడ వెనక్కి తిరిగి, ముసలాయన దిగిన ఇంటి వైపు గబగబా నడిచిపోయారు.