దూలమైన పిన్ని

మా పిన్నికి లెక్కలు రావని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. లెక్కలు భేషుగ్గా వస్తాయి. రానివి బాణాలే. దూలాన్ని గోడ ఎంత బలంతో నెడుతుందో పిసరంత తేడా లేకుండా తేల్చేది. ఎటు నెడుతుందో చూపించే బాణం మాత్రం ఎదురు దిక్కుకు గీసి కూర్చునేది. డ్రాఫ్ట్స్‌మన్ పరీక్ష మూడుసార్లు రాస్తే, మూడుసార్లూ ఈ బాణాల పేపర్లోనే చతికిలబడింది.

ఆవిడ వంతెనలు కట్టే ఆఫీసులో ట్రేసర్. అంటే ఎవరో గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి మళ్ళీ గీయడం. ఆ పరీక్ష గట్టెక్కితే డ్రాఫ్ట్స్‌మన్ అవుతుంది. సొంతంగా గీసి, కింద మూలన సంతకం పెట్టొచ్చు. నాలుగోసారి కూడా తప్పితే ఆఫీసువాళ్ళు ఇక రాయనివ్వరు. పిన్ని పైకి నవ్వుతూ తిరిగేది గానీ, ప్రాణమంతా ఆ సంతకం మీదే ఉండేది.

ఈసారి పుస్తకం మూసేసి కొత్త పద్ధతి పట్టింది. లెక్కలో ఏ వస్తువుంటే తనే అది అయిపోవడం. నన్ను తాకుతున్నవేవి, ఒక్కొక్కటీ నన్నెటు నెడుతోంది అని కళ్ళు మూసుకుని తేల్చుకోవడం. వంటింట్లో నున్నటి నేల మీద మేజోళ్ళు వేసుకుని, బాబాయిని గోడగా నిలబెట్టి, ఆయన ఛాతీకి చేతులానించి నిచ్చెన అయ్యేది.

"కాళ్ళు వెనక్కి జారిపోతున్నాయి. అంటే నేల నన్ను మీ వైపు నెడుతోందన్నమాట!"

ఒకరోజు అలా వాలి ఉండగా ఫోన్ మోగింది. బాబాయి చటుక్కున పక్కకు జరిగాడు. పిన్ని బోర్లా పడింది.

"గోడ ఎక్కడైనా ఫోనెత్తుతుందా అండీ?" అని మోకాలు పట్టుకుని అరిచింది.

"గోడకి ఆఫీసు నుంచి ఫోనొచ్చిందే, ఏం చెయ్యను?" అన్నాడాయన.

పరీక్ష రోజు సంగతి పిన్ని ఎన్నిసార్లు నటించి చూపించిందో! గది నిండా కాలేజీ పిల్లలు, వాళ్ళ మధ్య కళ్ళద్దాలతో ఈవిడ. చివరి ప్రశ్న ఒక దూలం. ఒక కొసను తలుపుకుండే మడతబందు లాంటిదానితో గోడకు బిగించారు. రెండో కొసకు బరువు. ఆ కొసను గోడ పైభాగం నుంచి ఏటవాలుగా ఒక తాడు లాగి పట్టుకుంది. బందు దగ్గర గోడ దూలాన్ని లోపలికి లాగుతోందా, బయటికి నెడుతోందా? పిన్ని బాణం గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. కాగితం చిరుగుపట్టింది.

ఇక లాభం లేదని లేచింది. చెప్పులు విడిచి, పక్కనున్న కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, ఒక అరికాలు గోడకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. చేతులు తాడు, కాలు దూలం.

"ఏం చేస్తున్నారమ్మా?" అంటూ ఇన్విజిలేటర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఉండండి, నేనిప్పుడు దూలాన్ని" అంది పిన్ని. అంతలో అరికాలికి సంగతి తెలిసిపోయింది. "నెడుతోంది! గోడ బయటికే నెడుతోంది!" అని ఒళ్ళు మరిచి కేక పెట్టింది.

మరుక్షణం గది నిండా రబ్బర్ల చప్పుడు.

ఇన్విజిలేటర్ వెళ్ళి పరీక్షల పెద్దాయన చీఫ్‌ సూపరింటెండెంట్‌ను పిలిచి, ఈవిడ జవాబు అరిచి చెప్పింది, పేపరు లాక్కోవాలన్నాడు. ఇన్నేళ్ళ ఆశ ఒక్క కేకతో మట్టికొట్టుకుపోయిందనుకుంది పిన్ని. చీఫ్ గదంతా కలయజూసి, "ఈవిడ చెప్పింది మీలో ఎవరెవరికి వినిపించింది?" అని అడిగాడు.

పిల్లలు తలలెత్తారు. అంత అమాయకత్వం ఆ ముఖాల్లో అంతకుముందు కన్నతల్లులు కూడా చూసి ఉండరు. "ఎవరు సార్? ఏం చెప్పారు సార్?"

ఆయన ముందు బెంచీ మీది కాగితంలోకి తొంగిచూశాడు. చెరిపిన మచ్చ మీద కొత్త బాణం. పక్కదాంట్లోనూ అంతే. నవ్వు కనబడకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరికీ వినబడని కేక మీద నేనేం చర్య తీసుకోను? కూర్చోండమ్మా. దూలం పని అయిపోతే చెప్పులు కూడా వేసుకోండి."

పిన్ని గట్టెక్కింది. ఆ గదిలో రాసినవాళ్ళంతా గట్టెక్కారని చెప్పుకున్నారు.

తొలి సంతకం పెట్టిన సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగైనా దించకుండా భోరుమంది.

"ఎవరేమన్నారే?" అని బాబాయి కంగారుపడ్డాడు.

"ఎవరూ ఏమనలేదండీ. ఇన్నాళ్ళూ బొమ్మలో తప్పుంటే అది గీసినవాళ్ళది. ఇప్పుడు నేను గీసిన వంతెన మీద జనం నడుస్తారు. తప్పయితే నాదే" అంటూ ఏడుస్తూనే నవ్వేసింది. అంత సంతోషంగా భయపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.